అట్టపెట్టె, పాత చీర, పప్పుగుత్తి: ఇంట్లో ఉన్నవాటితోనే పిల్లల ఊహల ఆటలు

రెండేళ్ళ పిల్ల అట్లకాడని చెవి దగ్గర పెట్టుకుని "హలో తాతయ్యా, తిన్నావా?" అంటుంది. మనం నవ్వుకుంటాం, వీలైతే వీడియో తీస్తాం. కానీ ఆ పిల్ల చేస్తున్న పని చిన్నదేం కాదు. చేతిలో ఉన్నది అట్లకాడ అని తనకు తెలుసు, అయినా ఇప్పుడది ఫోను. అవతల లేని తాతయ్య ఏదో అన్నట్టు కాసేపు ఆగి, మళ్ళీ జవాబు చెబుతుంది. ఒక వస్తువు ఇంకోదానికి గుర్తుగా నిలబడుతుందని ఒప్పుకోవడం ఇక్కడే మొదలవుతుంది. రేపు బడిలో 'అ' అనే గీత ఒక శబ్దానికి గుర్తు అన్నా, '5' అనే గీత ఐదు మామిడిపళ్ళకు గుర్తు అన్నా కావలసింది ఈ శక్తే.

రష్యన్ మనస్తత్వవేత్త లెవ్ వైగాట్‌స్కీ 1933లో పిల్లల ఆట మీద ఒక ప్రసంగం చేశాడు. అందులో ఒక చక్కటి పరిశీలన ఉంది. పిల్లవాడికి కర్ర గుర్రం అవుతుంది గానీ పోస్టుకార్డు మాత్రం గుర్రం కాలేదు. కర్రనైతే కాళ్ళ మధ్య పెట్టుకుని పరిగెత్తవచ్చు, కార్డుతో అది కుదరదు. కర్ర గుర్రంలా కనిపించనక్కర్లేదు, దాని మీద స్వారీ చేయగలిగితే చాలు. ఏ వస్తువు ఇవ్వాలి, ఏది వద్దు అన్న ప్రశ్నకు నేను వాడే కొలబద్ద ఇదే.

ఇక్కడ చెప్పేవి ఏడాదిన్నర నుంచి ఏడేళ్ళ దాకా ఉన్న పిల్లలకు. డబ్బు ఖర్చు దాదాపు ఉండదు. ఓపిక మాత్రం కొంచెం కావాలి, ముఖ్యంగా నోరు మూసుకుని కూర్చునే ఓపిక.

మొదటి అడుగు: బుట్ట పట్టుకుని ఇల్లంతా తిరగండి

షాపుకు వెళ్ళకండి. ఖాళీ బుట్ట ఒకటి తీసుకుని వంటింట్లో మొదలుపెట్టండి. కనిపించిన ప్రతి వస్తువునూ చేతిలోకి తీసుకుని చూడండి: దీన్ని తిప్పవచ్చా, కలపవచ్చా, నింపి ఒంపవచ్చా, కప్పుకోవచ్చా, ఇందులో దూరవచ్చా, ఒకదానిమీద ఒకటి పేర్చవచ్చా? ఇలాంటి పనుల్లో రెండు మూడు దొరికితే బుట్టలో వేయండి. చూడడానికి బాగుంది తప్ప దానితో చేసేదేమీ లేదంటే తిరిగి అల్మారాలో పెట్టేయండి.

వంటింట్లో పంట బాగా పండుతుంది. చిన్న స్టీలు గిన్నెలు, వాటి మూతలు, కొయ్య పప్పుగుత్తి, గరిటెలు, పిండి జల్లెడ, ఇడ్లీ రేకు, విడివిడిగా వచ్చే టిఫిన్ క్యారియర్ గిన్నెలు. పప్పుగుత్తి ఒక్కటే ఉదయం మైకు, మధ్యాహ్నం భీముడి గద, సాయంత్రం ఐస్‌క్రీం అవుతుంది. ఇడ్లీ రేకు స్టీరింగుగా తిరుగుతుంది. జల్లెడ హెల్మెట్. స్టీలు గిన్నెలకు చప్పుడు అదనపు ఆకర్షణ, మధ్యాహ్నం కునుకు తీసే పెద్దవాళ్ళున్న ఇంట్లో అదే వాటి లోపం కూడా.

తర్వాత గుడ్డలు. మెత్తబడిన పాత నూలు చీర ఒకటి తప్పకుండా ఉండాలి. ఐదున్నర మీటర్ల చీర పరిస్తే నది, వేలాడదీస్తే ఇల్లు, చుట్టుకుంటే పెళ్ళికూతురు, మూటకడితే ఊరెళ్ళే సామాను. సిల్కు, సింథటిక్ చీరలు జారిపోతాయి, పైగా సింథటిక్‌వి నిప్పు తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటాయి. అందుకని నూలుదే వెతకండి. తువ్వాళ్ళు, లుంగీలు, నాన్న పాత చొక్కా కూడా పనికొస్తాయి.

ఆన్‌లైన్ షాపింగ్ పుణ్యమా అని అట్టపెట్టెలకు ఏ ఇంట్లోనూ కరువు లేదు. బట్టల షాపులో చొక్కా మడతలో పెట్టే అట్ట, టిష్యూ రోలు మధ్యలో ఉండే గొట్టం, గుడ్ల ట్రే కూడా దాచండి. అమెరికాలో రోచెస్టర్ నగరంలో ఉన్న ద స్ట్రాంగ్ మ్యూజియం గొప్ప ఆటవస్తువులను ఒక గౌరవ జాబితాలో చేరుస్తుంటుంది. అందులోకి 2005లో అట్టపెట్టె, 2008లో కర్ర, 2011లో దుప్పటి చేరాయి. మన అమ్మమ్మలను అడిగుంటే ఇంకా ముందే చేర్చేవాళ్ళు.

ఇక బయటి వస్తువులు: కొబ్బరి చిప్పలు, గులకరాళ్ళు, ఎండిన ఆకులు, చింతగింజలు, గవ్వలు. వీటిలో కొన్ని చిన్న పిల్లలకు ప్రమాదం, ఆ సంగతి కింద చెబుతాను.

ఒక్కో రకం నాలుగైదు ఉంటే మంచిది. ఒకే ఒక్క గిన్నె ఉంటే అది గిన్నెగానే మిగిలిపోతుంది. ఆరు గిన్నెలుంటే ఇడ్లీ బండి మొదలవుతుంది. బ్రిటన్‌కు చెందిన చిత్రకారుడు, శిల్పి సైమన్ నికల్సన్ 1971లో ఇలాంటి విడి వస్తువుల గురించే రాశాడు. కదిపి, కలిపి, మార్చుకోగలిగినవి చుట్టూ ఎన్ని ఎక్కువగా ఉంటే మనుషుల్లో సృజన అంత ఎక్కువగా బయటికొస్తుందన్నది ఆయన వాదన. బటన్ నొక్కితే ఒకే పాట పాడే బొమ్మలో మార్చుకునేది ఏముంటుంది? బ్యాటరీ అయిపోగానే ఆటా అయిపోతుంది.

రెండో అడుగు: ప్రమాదాలు ఏరేయండి

ఇది తొందరగా చదివి వదిలేసే భాగం కాదు. ఇంటి వస్తువులు బొమ్మలుగా తయారైనవి కావు. మన దేశంలో బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి, కానీ జంతికల గొట్టాన్ని ఆట కోసం ఎవరూ పరీక్షించలేదు. ఆ పని మీరే చేయాలి.

మూడేళ్ళ లోపు పిల్లలకు గొంతులో పట్టేది ఏదీ ఇవ్వకూడదు. టిష్యూ రోలు అట్ట గొట్టంలోంచి జారి కిందపడే వస్తువు ఏదైనా వాళ్ళకు చిన్నదే. చింతగింజలు, శనగలు, గవ్వలు, బొత్తాలు, సీసా మూతలు, పెన్ను క్యాపులు అన్నీ ఇందులోకే వస్తాయి. గింజలు గొంతులోకే కాదు, ముక్కులోకీ చెవిలోకీ కూడా వెళ్తాయి. నాలుగేళ్ళ అక్క చింతగింజలతో ఆడుతుంటే ఏడాది తమ్ముడు పాక్కుంటూ వస్తాడు. అలాంటి ఇంట్లో గింజల ఆట మంచం మీదో, బల్ల మీదో పెట్టించి, అయిపోగానే డబ్బాలో వేసి మూత బిగించండి.

అన్నిటికంటే ఎక్కువ భయపడవలసింది బటన్ బ్యాటరీలకు, అంటే నాణెంలా గుండ్రంగా ఉండే చిన్న బ్యాటరీలకు. రిమోట్లు, గడియారాలు, వెలిగే రాఖీలు, పాడే గ్రీటింగ్ కార్డులు, అన్నిట్లో ఉంటాయి. మింగితే అన్నవాహికలో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేయగలవు. మింగినట్టు అనుమానం వచ్చినా ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్ళాలి. చిన్న గట్టి అయస్కాంతాలు కూడా అంతే ప్రమాదం.

మందు సీసాలు, ఫినాయిల్, యాసిడ్ డబ్బాలు ఎంత కడిగినా ఆటకు వద్దు. పల్లెల్లో పురుగుమందు డబ్బాలు కడిగి వాడుకునే అలవాటు ఇంకా ఉంది. పిల్లలకైతే అది అస్సలు కూడదు. డబ్బా శుభ్రంగా ఉందా లేదా అన్నది ఒక్కటే సమస్య కాదు. ఆ ఆకారం ఆటవస్తువని పిల్లకు అలవాటైతే, రేపు నిండు డబ్బా కనిపించినా చేయి అటే వెళ్తుంది.

పల్చటి ప్లాస్టిక్ కవర్లు తలకు తగిలించుకుంటారు, తీసేయండి. పొడవాటి తాళ్ళు, చున్నీలు మెడకు కట్టుకునే ఆటలు వద్దు. సూపర్‌మ్యాన్ కేప్ కావాలంటే చొక్కా భుజాల దగ్గర బట్టల క్లిప్పులతో పెట్టండి, లాగితే ఊడిపోతుంది. చీరతో కట్టిన ఉయ్యాలలో గిరగిరా తిరుగుతూ మెడకు బిగుసుకుపోయి ప్రాణాలు పోయిన సందర్భాలు మన దగ్గర ఉన్నాయి, కాబట్టి అందులో పెద్దవాళ్ళు పక్కన లేకుండా ఆడనివ్వద్దు. నీళ్ళ ఆట అయితే టబ్బులో నాలుగు వేళ్ళ లోతు నీళ్ళున్నా పక్కనుంచి కదలకండి, అయిపోగానే పారబోయండి. పెట్టెల పిన్నులు పీకేయండి. రేకు డబ్బా అంచు మీద వేలు తిప్పి చూడండి.

మూడో అడుగు: వస్తువులకు ఒక చోటు

పిల్లల చేతికి అందే ఎత్తులో, వంటింటి కింది అరలో గానీ హాల్లో ఒక మూల గానీ, పది పదిహేను వస్తువులు పెట్టండి. మొత్తం దాచినవన్నీ ఒకేసారి గుమ్మరిస్తే పిల్లలు వాటిని చిందరవందర చేసి లేచిపోతారు. వారానికోసారి కొన్ని తీసి మంచం కింద పెట్టి, కొత్తవి కొన్ని తెచ్చిపెట్టండి. నెల తర్వాత తిరిగొచ్చిన పాత జల్లెడకు కొత్త బొమ్మకున్నంత గౌరవం దక్కుతుంది.

సమయం గురించి పెద్ద టైంటేబుల్ అవసరం లేదు. ఏ అడ్డూ లేని ముప్పావు గంట దొరికితే చాలు. ఊహల ఆట మొదట్లో మందకొడిగా ఉంటుంది. వస్తువులు అటూ ఇటూ జరపడం, ఎవరు డ్రైవరు అని తగాదా, దీనికే చాలాసేపు పడుతుంది. కథ వేడెక్కేసరికి "రండి, స్నానానికి" అంటే ఆ శ్రమంతా వృథా.

టీవీ ఆపేయండి, ఎవరూ చూడకపోయినా సరే. వెనక మోగుతున్న టీవీ ఆటలో పడిన పిల్లల ధ్యాసను పదే పదే లాగేస్తుంది. రెండేళ్ళ లోపు పిల్లలకు స్క్రీన్ వద్దని, రెండు నుంచి ఐదేళ్ళ వాళ్ళకు రోజుకు గంట మించకూడదని భారత పిల్లల వైద్యుల సంఘం 2021లోనే చెప్పింది. బంధువులతో వీడియో కాల్ మాట వేరు.

నాలుగో అడుగు: వయసును బట్టి ఆశించండి

ఏడాది పిల్లలు గిన్నె మీద గరిటెతో కొడతారు, నోట్లో పెడతారు, విసురుతారు. వస్తువు సంగతి తెలుసుకుంటున్నారు, అదే వాళ్ళ పని. ఏడాదిన్నర దాటాక ఖాళీ గ్లాసుతో తాగినట్టు నటిస్తారు, తర్వాత మీకూ తాగిస్తారు, ఆ తర్వాత బొమ్మకు. ఈ వరుస గమనిస్తే ముచ్చటగా ఉంటుంది: ముందు తను, తర్వాత అమ్మ, ఆ పైన ప్రాణం లేని బొమ్మ.

రెండేళ్ళప్పుడు వస్తువు కాస్త అసలుదానిలా ఉంటేనే ఆట సులువుగా సాగుతుంది. పాత ఫోను కవరు ఫోను అవుతుంది, ఇటుకరాయి ఫోను కావడానికి ఇంకొంచెం వయసు రావాలి. మూడేళ్ళు దాటాక పోలిక అవసరం తగ్గిపోతుంది. నాలుగేళ్ళకు అసలు వస్తువే లేకపోయినా గాల్లో తలుపు తీసి లోపలికి వస్తారు, మీరు ఆ తలుపు గుండా రాకపోతే కోప్పడతారు. ఐదారేళ్ళకు కథ పెరుగుతుంది, నియమాలు పుడతాయి. "నువ్వు దొంగ, కానీ మంచి దొంగ, నీకు జ్వరం వచ్చిందనుకో" అనే చర్చే అరగంట సాగుతుంది. ఆట ఎప్పుడు మొదలుపెడతారా అని మీరు ఎదురుచూడకండి, అదే ఆట.

ఐదో అడుగు: పిలవండి, తర్వాత తప్పుకోండి

"వెళ్ళి ఆడుకో" అంటే చాలామంది పిల్లలు కదలరు. "ఇలా ఆడు" అని నేర్పిస్తే అది హోంవర్క్ అయిపోతుంది. మధ్యలో ఒక దారి ఉంది. వాళ్ళు లేనప్పుడు ఏదో సగం కథ అమర్చి వదిలేయండి. నాలుగు కుర్చీలు వరుసగా వేసి ముందు కుర్చీలో ఇడ్లీ రేకు పెట్టండి. లేదా ఎలుగుబంటి బొమ్మకు తువ్వాలు కప్పి పక్కన గ్లాసు, చెంచా పెట్టండి. ఏమీ చెప్పకండి. చూసిన పిల్ల "ఎలుగుకి ఏమైంది?" అంటుంది. "ఏమో, పొద్దున్నుంచి లేవలేదు" అనండి, అంతే.

మీరూ ఆటలోకి రావాలంటే చిన్న పాత్ర తీసుకోండి. పేషెంటు, ప్రయాణికుడు, అప్పు ఎగ్గొట్టే కస్టమరు. డ్రైవరు, డాక్టరు, టీచరు పాత్రలు పిల్లలవే. ఆట ఆగిపోతున్నట్టు అనిపిస్తే పాత్రలోనే ఉండి ఒక చిక్కు తెచ్చిపెట్టండి: "డ్రైవరు గారూ, రోడ్డు మీద గేదెలు పడుకున్నాయండీ!" మళ్ళీ వెనక్కి తగ్గండి.

మాట్లాడే తీరులో చిన్న తేడాలే ఆటను నిలబెడతాయి, చెడగొడతాయి. "ఇది ఏ రంగు? ఎన్ని గిన్నెలున్నాయి, లెక్కపెట్టు" అనగానే కిరాణా కొట్టు మూతపడి పరీక్ష హాలు తెరుచుకుంటుంది. "ఏనుగు అలా ఎగరదు నాన్నా" అని సరిదిద్దితే ఏనుగు చచ్చిపోతుంది. "అబ్బా, ఎంత బాగా చేశావో!" అని పొగడడం కూడా ఆటలోంచి బయటికి లాగడమే, అప్పటిదాకా కథలో ఉన్న పిల్ల ఇప్పుడు మీ ముఖం చూడడం మొదలుపెడుతుంది. దానికి బదులు "ఈ ఏనుగు ఎక్కడ దిగుతుంది? మా మేడ మీద దిగదు కదా?" అనండి. ఏం చెప్పాలో తోచకపోతే చూసింది చూసినట్టు చెప్పినా చాలు: "ఓహో, అన్ని మూతలూ బస్సులో ఎక్కేశాయి."

మన ఇళ్ళల్లో దీనికి పెద్ద ఆటంకం ఆడపిల్లకు వంట, మగపిల్లవాడికి కారు అనే పాత లెక్క. మగపిల్లవాడు గరిటె పట్టుకుంటే "ఏరా, వంటమనిషివా?" అని నవ్వే చుట్టాలు ఎవరో ఒకరుంటారు. వాళ్ళకు ఆ పిల్లవాడి చేతే ఉత్తుత్తి కాఫీ ఇప్పించండి.

ఆరో అడుగు: కొన్ని ఆటలు, అమర్చే పద్ధతి

చీర ఇల్లు. రెండు కుర్చీలను వీపులు ఎదురెదురుగా ఉండేలా నాలుగైదు అడుగుల దూరంలో పెట్టండి. కుర్చీల సీట్ల మీద బరువైన పుస్తకాలు పేర్చండి, లేకపోతే చీర లాగగానే కుర్చీలు మీద పడతాయి. చీరను రెండు మడతలుగా వేసి వీపుల మీదుగా పరిచి, బట్టల క్లిప్పులతో బిగించండి. ముడులు వేయకండి, క్లిప్పులైతే పిల్లలే ఊడదీసి ఇంటి ప్లాను మార్చుకుంటారు. డైనింగ్ టేబుల్ మీద దుప్పటి కప్పినా ఇల్లే. లోపలికి ఒక చాప, ఒక టార్చి లైటు పంపండి. దీపం, కొవ్వొత్తి, అగరువత్తి దరిదాపుల్లో ఉండకూడదు. ఇల్లు కట్టడానికి పట్టిన సమయం కంటే అందులో ఉన్న సమయం తక్కువైనా కంగారు లేదు, చాలామందికి కట్టడమే ఇష్టం.

ఆర్టీసీ బస్సు. కుర్చీలు, పీటలు, దిండ్లు వరుసగా. కండక్టరుకు భుజాన వేలాడే సంచి, పాత కాగితాల టికెట్లు. ఈ ఆటలో ఇప్పటి పిల్లలు చేసే కొత్త హంగు చూసి తీరాలి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చాక, చిన్న కండక్టర్లు కూడా అమ్మమ్మను "ఆధార్ కార్డు చూపించండి" అని నిలదీసి జీరో టికెట్ కొడుతున్నారు. తాతయ్య దగ్గర మాత్రం డబ్బులు వసూలు. మీరు ఊరి పేర్లు అందించండి: "బెజవాడ వెళ్తుందా అండీ? జనగామలో ఆగుతుందా?" ఊళ్ళ వరుస, చిల్లర లెక్క వాటంతటవే వస్తాయి. విదేశాల్లో ఉన్న తెలుగు పిల్లలకైతే ఆ బస్సు అమ్మమ్మ వాళ్ళ ఊరికి పోనివ్వండి. వీడియో కాల్‌లో అమ్మమ్మ బస్టాండులో ఎదురుచూస్తున్నట్టు నటిస్తే తెలుగు మాటలు బలవంతం లేకుండా నోటికొస్తాయి.

కిరాణా కొట్టు. ఖాళీ బిస్కెట్ పెట్టెలు, పప్పు ప్యాకెట్ల అట్టలు, కొన్ని ఉల్లిపాయలు, బంగాళాదుంపలు. తక్కెడ తయారుచేయడానికి బట్టల హ్యాంగరు ఒకటి తీసుకోండి. రెండు కొబ్బరి చిప్పలకు మూడేసి చిల్లులు పెట్టి, సమానమైన పొడవున్న దారాలు కట్టి, హ్యాంగరు రెండు చివర్లకు వేలాడదీయండి. హ్యాంగరును తలుపు గొళ్ళానికి తగిలించండి. ఒక చిప్ప కిందికి వాలుతుంటే రెండోదానికి బియ్యపు గింజలంత బరువు టేపుతో అతికించి సరిచేయండి. మూడేళ్ళు దాటినవాళ్ళకు చింతగింజలే డబ్బులు. కానీ మీ షాపు యజమాని ఒక కాగితం మీద గళ్ళు గీసి గోడకు అతికించి "స్కాన్ చేయండి" అన్నా, తనే గొంతు మార్చి "యాభై రూపాయలు అందాయి" అని మోగినా ఆశ్చర్యపోకండి. ఐదేళ్ళు దాటినవాళ్ళకు చిన్న పుస్తకం ఇచ్చి "అప్పు రాసుకోండి, ఒకటో తారీఖున ఇస్తాం" అనండి. రాయడం మీద ఏ ఆసక్తీ లేని పిల్లలు కూడా అప్పు మాత్రం శ్రద్ధగా రాస్తారు.

వంట. ఇసుకలో, మట్టిలో ఉత్తుత్తి వంట వండుకునే ఈ ఆటను మన పాత కావ్యాల్లో గుజ్జనగూళ్ళు అన్నారు. ఏటికొప్పాకలో లక్క పూసి చేసే లక్కపిడతలు పుట్టింది కూడా ఈ ఆట కోసమే. లక్కపిడతలు లేకపోయినా స్టీలు మూతలు, కొబ్బరి చిప్పలు చాలు. ఇసుక అన్నం, ఆకుల కూర, ఇటుక పొడి కారం, బురద పప్పు. ఫ్లాట్లో ఇసుక దొరకదంటే చపాతీ పిండి ముద్ద ఇవ్వండి. చుక్క నూనె, చిటికెడు పసుపు కలిపితే చేతికి అంటదు, రంగూ వస్తుంది. నిల్వ ఉండాలని ఉప్పు ఎక్కువగా కలిపిన పిండి చిన్నపిల్లలకు మంచిది కాదు, వాళ్ళు తినేస్తారు. వడ్డించినప్పుడు మీరు తినాలి, తిని "ఉప్పు తగ్గింది" అనాలి. వంట చేసిన మనిషికి అంతకంటే గౌరవం లేదు.

ఆసుపత్రి. పాత చున్నీ ముక్క కట్టు, చెంచా థర్మామీటరు, పెన్ను ఇంజెక్షను. టీకా వేయించుకుని వచ్చిన పిల్ల ఆ సాయంత్రం ఇంట్లో అందరికీ, కుక్కకు కూడా, సూదులు పొడుస్తుంది. పొడవనివ్వండి. అక్కడ తన చేతిలో లేనిది ఇక్కడ తన చేతిలోకి తెచ్చుకుంటోంది. మీరు కాస్త ఏడ్చి, "నెమ్మదిగా వేయండి డాక్టరు గారూ" అని బతిమాలితే ఆట ఇంకా రక్తి కడుతుంది.

గుడ్డబొమ్మ, దాని పెళ్ళి. చేతిరుమాలు మధ్యలో గుడ్డపీలికల ఉండ పెట్టి, చుట్టూ గుడ్డ దగ్గరికి తెచ్చి దారంతో మెడ కట్టండి. రెండు మూలలు చేతులు, మిగిలిన గుడ్డ పావడా. కళ్ళు, ముక్కు గీయకుండా ఇచ్చి చూడండి. ముఖం లేని బొమ్మ నవ్వగలదు, ఏడవగలదు, అలగగలదు. నవ్వుముఖం కుట్టిన బొమ్మ ఏడ్చే కథలో ఇమడదు. రెండు బొమ్మలుంటే పెళ్ళి ఖాయం. పీట మీద బియ్యం, పసుపు, గిన్నెల బ్యాండు మేళం. అమ్మమ్మను పురోహితుణ్ణి చేస్తే మీరు ఆ పూట వేరే పని చూసుకోవచ్చు.

గోడమీద నీడలు. రాత్రి లైట్లు ఆపి, టార్చిని ఒక డబ్బా మీద స్థిరంగా పెట్టి గోడవైపు తిప్పండి. చిల్లుల గరిటె, జల్లెడ, దువ్వెన, ఆకు, ఏది అడ్డం పెట్టినా గోడ మీద కొత్త ప్రాణి. టార్చికి దగ్గరగా జరిగితే నీడ పెద్దదవుతుంది, గోడకు దగ్గరైతే చిన్నదై అంచులు స్పష్టంగా వస్తాయి. చెప్పకండి, వాళ్ళే కనిపెడతారు. పలచటి తెల్ల పంచె కట్టి వెనకనుంచి వెలుతురు వేస్తే తోలుబొమ్మలాట తెరే. శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంటలో ఇప్పటికీ తోలుబొమ్మలు చేసే కుటుంబాలున్నాయని అప్పుడు చెబితే వింటారు.

పెద్ద అట్టపెట్టె. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ పెట్టె దొరికితే అదృష్టం. తలుపు కోయాలంటే పైన, కింద, ఒక పక్క మాత్రమే కోసి నాలుగో పక్క మడత వదిలేయండి. కత్తి పని మీది, ఎక్కడ కోయాలో గీసే పని వాళ్ళది. పైభాగం తెరిచే ఉంచండి, గాలి ఆడాలి. కిటికీ ఎక్కడ కావాలని అడిగితే చాలు, ఇది రాకెట్టా, ఇల్లా అని అడగకండి. పొద్దున్న ఒకటి, సాయంత్రం ఒకటి అవుతుంది.

దారం ఫోను. రెండు కాగితం కప్పుల అడుగున సన్నటి చిల్లి పెట్టి, దారం దూర్చి, లోపల అగ్గిపుల్ల ముక్కకు ముడి వేయండి. దారం బిగువుగా ఉండాలి, మధ్యలో దేనికీ తగలకూడదు, అప్పుడే మాట వినిపిస్తుంది. ఖాళీ అగ్గిపెట్టెలతో కూడా చేస్తారు గానీ కప్పులతోనే బాగా వినిపిస్తుంది.

ఏడో అడుగు: చిక్కులు వచ్చినప్పుడు

"బోర్ కొడుతోంది" అంటే వెంటనే ఏదో చేసి పెట్టాలని టెన్షన్ పడకండి. "అవునా" అని మీ పని మీరు చేసుకోండి. కాసేపు సణిగి, మంచం కింద దూరి, అక్కడ ఏదో మొదలుపెడతారు. ఎప్పుడూ ఫోను అలవాటైన పిల్లలకు ఈ కాసేపు చాలా పొడుగ్గా ఉంటుంది. మొదటి వారం ఏడుపులు తప్పవు. అలాంటి పిల్లలతో రోజూ ఒకే వేళకు, మీరూ పక్కన కూర్చుని బట్టలు మడతపెడుతూ, వాళ్ళను మొదలుపెట్టనివ్వండి. పెద్దమనిషి పక్కనుంటే చాలు, ఆటలో ఉండనక్కర్లేదు.

అదే ఆట నెల రోజులు ఆడితే? ఆడనివ్వండి. పైకి అదే బస్సు గానీ లోపల ప్రయాణికులు మారుతుంటారు.

కొట్టుకోవడం, చచ్చిపోవడం, దొంగలు, దెయ్యాలు వస్తే చాలామంది భయపడతారు. ఇంట్లో ఎవరైనా చనిపోయాక పిల్లలు బొమ్మకు అంత్యక్రియలు చేయడం కూడా మామూలే. ఆపి తిట్టవద్దు. ఒకరికి నిజంగా దెబ్బ తగులుతున్నా, ఒకరు నిజంగా ఏడుస్తున్నా మాత్రం ఆపాలి. ఒకే భయంకరమైన దృశ్యాన్ని సంతోషం లేకుండా, బిగుసుకుపోయి, మళ్ళీ మళ్ళీ ఆడుతుంటే, లేదా వయసుకు తెలియకూడని లైంగిక విషయాలు ఆటలో కనిపిస్తే, శాంతంగా కారణం తెలుసుకుని నిపుణుల సాయం తీసుకోండి.

కొందరు పిల్లలు ఉత్తుత్తి ఆట వైపే రారు. కట్టడం, పేర్చడం, పరిగెత్తడం ఎక్కువ ఇష్టపడే పిల్లలుంటారు, అది వాళ్ళ తీరు. అయితే రెండున్నరేళ్ళకు సాధారణంగా పిల్లలు బొమ్మకు అన్నం పెట్టినట్టు, చెక్కముక్కను తిండిగా అనుకున్నట్టు నటిస్తారు. అది అసలే లేకుండా, పిలిస్తే పలకకపోవడం, చూపించిన వైపు చూడకపోవడం, మాటలు ఆలస్యం కావడం కూడా ఉంటే పిల్లల డాక్టరుకు చూపించండి. ప్రభుత్వం 2013లో మొదలుపెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయి కేంద్రాల్లో ఈ పరీక్షలు ఉచితం, అంగన్‌వాడీ టీచరును అడిగితే దారి చెబుతారు. "మా వాడూ ఇంతే, ఆలస్యంగానే మాట్లాడాడు" అనే చుట్టాల మాట విని ఏడాది పోగొట్టుకోకండి.

ఎనిమిదో అడుగు: సర్దడం

ముగించే ముందు ఒక హెచ్చరిక ఇవ్వండి, అదీ ఆట భాషలోనే: "ఇంకో రెండు స్టాపుల్లో డిపో వస్తుంది." సర్దడాన్ని కూడా కథలో కలిపేస్తే గొడవ తగ్గుతుంది, కొట్టు మూసే వేళ అయింది కాబట్టి సామానంతా లోపల పెట్టాలి. కట్టినదాన్ని కూల్చడానికి ఒప్పుకోకపోతే, దారికి అడ్డం లేకుంటే రాత్రికి అలాగే ఉంచండి. మర్నాడు ఆట మొదలుపెట్టే కష్టం ఉండదు. వంటింటి వస్తువులు కడిగి తిరిగి అరలోకి వెళ్ళాలి. ఆ జల్లెడ ఒకటే ఉంటే సాయంత్రం పిండి జల్లించుకునేవాళ్ళతో గొడవ, అందుకని ఆటకు పాతది కేటాయించండి.

పుట్టినరోజుకు ఏం తేవాలని ఎవరైనా అడిగితే మొహమాటపడకుండా చెప్పండి: ఒక మంచి టార్చి లైటు, డజను చిన్న స్టీలు గిన్నెలు, పెద్ద కాగితాల కట్ట. అవేవీ వద్దు, ఏదైనా పెద్దది ఇస్తామంటే, ఈ మధ్య ఎవరింట్లో ఫ్రిజ్ కొన్నారో కనుక్కుని ఆ ఖాళీ పెట్టె పట్టుకురమ్మనండి.